మహమ్మద్ నగర్‌లో రాక్షస సంహారం

యాత్రలు రాసేవారికి మహమ్మద్ నగర్ బొత్తిగా కలిసిరాని ఊరు. అల్లంత దూరం నుంచి చూపించి ఆహా అనిపించడానికి కోట లేదు. చదివి అర్థం చెప్పడానికి శాసనం లేదు. పుష్కరాలకు జనం విరగబడే రేవు అంతకన్నా లేదు. హైదరాబాదు నుంచి బయలుదేరిన బస్సు నర్సాపూరు, మెదకు, ఎల్లారెడ్డి దాటించి మిమ్మల్ని బాన్సువాడలో దింపుతుంది. అక్కడ టీ తాగి, నిజాంసాగర్ వైపు పోయే బస్సో ఆటోనో పట్టుకుంటే, వరిమళ్ళ మధ్య నుంచి తీసుకుపోయి ఊరి ముందు దింపుతారు. 2016 దాకా ఇది నిజామాబాదు జిల్లా. ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. మొన్నమొన్నటిదాకా నిజాంసాగర్ మండలంలో ఒక గ్రామం. ఇప్పుడు తన పేరనే ఒక మండలం. కూర్చున్న చోటునుంచి కదలకుండానే ఇన్ని ప్రయాణాలు చేసిన ఊరు!

ఈ ప్రాంతానికి ఉన్న ఐశ్వర్యమల్లా నీరు. బాలాఘాటు కొండల్లో పుట్టి వచ్చే మంజీర నదికి అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర అడ్డుకట్ట వేసి నిజాంసాగర్ కట్టారు. పని 1923లో మొదలై 1931లో ముగిసింది. ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడి; ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2,75,000 ఎకరాలు తడపాలన్నది నాటి సంకల్పం. చెరకు పండింది, బోధనులో చక్కెర ఫ్యాక్టరీ లేచింది, బీడు మాగాణి అయింది. నేటికీ ఇక్కడ మనుషుల మాటల్లో సగం కాలువ చుట్టూనే తిరుగుతాయి. నీళ్ళు విడిచారా, ఎన్నో తడి, ఎవరి తూముదాకా వచ్చింది — ఇవే కుశల ప్రశ్నలు.

ఇటువంటి ఊళ్ళో నేను ఇరవైనాలుగు రోజులుండి, మూడు రాజ్యాలు తిరిగి, ఓడ యెక్కి సముద్రాలు దాటి, మంచుకొండ మీద ఒక రాక్షసుణ్ణి సంహరించి వచ్చాను. చదువరులు కంగారు పడవద్దు. నా మతికేమీ కాలేదు. యుద్ధమంతా అరచేతిలో, సెల్‌ఫోనులో జరిగింది.

అసలు సంగతి ఏమంటే, మా అక్క మెట్టినిల్లు ఆ ఊళ్ళోనే. నాకు బాగా ఊహ తెలియని రోజుల్లో పెళ్ళయి వెళ్ళింది. వెళ్ళిన ఏడాదే మడిలో దిగి నాటు వేసింది. అప్పటినుంచి నలభై ఏళ్ళు వానాకాలం ఒకటి, యాసంగి ఒకటి, పంట తప్పకుండా వేస్తూనే వచ్చింది. చివరికి కుడి మోకాలు అరిగిపోయింది. మొన్న డిసెంబరు నెలాఖరున హైదరాబాదులో ఆపరేషను చేసి కొత్త మోకాలు అమర్చి ఇంటికి పంపారు. బావకు నీళ్ళ వంతులు, నాట్ల తొందర. మేనల్లుడికి పట్నంలో కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, కాపలాకు నేను బయలుదేరాను.

బయలుదేరేముందు మేనల్లుడు నా ఫోనులో ఒక ఆట ఎక్కించాడు.

"మామా, అమ్మకు రాత్రిళ్ళు నిద్ర పట్టది. నీకు పొద్దు పోది. ఇది ఆడుకో. గాని కడదాంక మాత్రం పోలేవు."

"ఏం, ఎందుకు పోలేను?"

"నేనే పోలే. గుహల విడిచిపెట్టిన."

తెలుగు ఎం.ఏ. చదివి ఇరవై ఏళ్ళుగా వ్యాకరణం చెబుతున్న మనిషితో అనవలసిన మాట కాదది.

ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్, రెండవ భాగం. జపానువారు చేసినది. మొదటి భాగం 1986 మేలో, రెండవది 1987 జనవరి 26న అక్కడి అంగళ్ళకు వచ్చాయి. కథ అల్లినవాడు యూజీ హోరీ, బొమ్మలు అకిరా తోరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. ఈ రెండవ భాగం జపానులో దాదాపు 24 లక్షల ప్రతులు అమ్ముడుపోయిందంటే ఆ దేశపు పిల్లల పరీక్షలు ఏమై ఉంటాయో ఊహించుకోవలసిందే. ఆనాటి యంత్రంలో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకొనే వీలు లేదు. ఆపేటప్పుడు యంత్రం ఒక మంత్రం చెప్పేది. మరునాడు దాన్ని పొల్లుపోకుండా అప్పగిస్తేనే కథ నిన్నటి చోటునుంచి సాగేది. ఆ మంత్రం 52 అక్షరాలదాకా ఉండేది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నవాడికి వారాల శ్రమ గంగపాలు. గుణింతాల విషయంలో నేను పిల్లలను పెట్టే కష్టాలు ఇంతకన్నా ఎంతో నయం. 2014లో వచ్చిన ఫోను ఆటలో ఈ బాధ లేదు. అదృష్టవంతుణ్ణి.

కథ మనకు కొత్తది కాదు. మొదటి భాగంలో ఘటోత్సర్పాన్ని చంపిన వీరుడి వంశం మూడు రాజ్యాలయింది. నూరేళ్ళ తర్వాత హార్గన్ అనే మాంత్రికుడు మూన్‌బ్రూక్ కోటను నేలమట్టం చేస్తాడు. మిడెన్‌హాల్ రాకుమారుడు కత్తి పట్టుకుని బయలుదేరుతాడు. పాపం, ఇతనికి ఒక్క మంత్రమూ రాదు. తోడు రావలసిన కానక్ రాకుమారుడి కోసం వెళితే, ఇప్పుడే పుణ్యతీర్థానికి వెళ్ళాడంటారు. అక్కడికి వెళితే, మీ ఊరికే వచ్చాడంటారు. మన ఊరికి వస్తే, తిరిగి వెళ్ళిపోయాడంటారు. తీరా చూస్తే ఒక సత్రంలో తీరిగ్గా కూర్చుని ఉంటాడు! మూన్‌బ్రూక్ రాకుమార్తె శాపవశాన కుక్కయి వీధుల్లో తిరుగుతుంటుంది. మాయాద్దంలో ముఖం చూపిస్తే శాపవిమోచనం. ముగ్గురూ కలిసి అయిదు ముద్రలు సంపాదించి, హార్గన్ కోట చేరి, వాణ్ణి కడతేర్చాలి. ఇంతే కథ.

ఇంతే అయితే రెండు రోజుల్లో అయిపోవాలి. కాదు. ఈ ఆటలో నడక కొంచెం, యుద్ధం కొండంత. నాలుగడుగులు వేశామో లేదో ఏదో భూతం అడ్డం వస్తుంది. దాన్ని కొడితే కొంత అనుభవం లెక్కకు చేరుతుంది. అనుభవం పోగైతే ఒక మెట్టు ఎక్కుతాం. బలం ఒక వీసం, ప్రాణం ఒక వీసం పెరుగుతాయి. ముందు దేశంలో భూతాలు మనకు మించినవైతే వెనక్కు వచ్చి, అదే అడవి చుట్టూ తిరుగుతూ, చంపినవాటినే మళ్ళీ చంపుతూ మెట్లు ఎక్కాలి. అడ్డదారి లేదు. ఇంగ్లీషువారు ఈ పనికి పెట్టుకున్న పేరు గ్రైండింగ్. అంటే విసరడం. అక్క ఇంటి వెనుక వసారాలో ఇప్పటికీ ఒక ఇసుర్రాయి ఉంది. విసురుకూ విసుగుకూ ధాతువు ఒకటేనా అని నిఘంటువులు ఏమన్నా అననీ, ఆ రాయి ముందు కూర్చున్న ఏ ఇల్లాలిని అడిగినా ఒకటేనని చెబుతుంది.

ఇక అక్క సంగతి. బాన్సువాడ నుంచి ఒక కుర్రవాడు వ్యాయామం చేయించడానికి వచ్చేవాడు. రెండు స్కేళ్ళకు మధ్య మేకు కొట్టినట్లుండే కోణమానంతో మోకాలు ఎంత వంగుతున్నదో కొలిచేవాడు. మొదటి రోజు 55 డిగ్రీలు. రోజుకు మూడు పూటలు, పూటకు ఇరవై సార్లు మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచాలి. కొద్ది రోజుల్లో 90 రావాలి, పిమ్మట 110 దాటాలి. ఇప్పుడు వంచకపోతే లోపల కండ బిగిసిపోయి ఇక ఎప్పటికీ వంగదన్నాడు. చెప్పి వెళ్ళిపోయాడు. వంచవలసింది అక్క, వంచమని చెప్పి తిట్లు తినవలసింది నేను.

నాలుగో రోజు సాయంత్రం అక్క ఎదురు తిరిగింది.

"నాతోని కాదు తమ్మీ. నిన్న వంచిందే ఇయ్యాల వంచుడు, ఇయ్యాల వంచిందే రేపు వంచుడు. గిదేం పని?"

నేను మంచం పక్కన కూర్చుని రాకుమారుడి చేత ఒక పురుగును కొట్టిస్తున్నాను.

"నువ్వు జేసేదేంది?" అన్నది.

"నిన్న సంపినోటినే ఇయ్యాల సంపుతున్న అక్కా."

ఆపరేషను అయిన తర్వాత అక్క నవ్వడం అదే మొదలు. ఫోను ఇటు తిప్పమన్నది. "గీ పోరడు ఎన్నో మెట్టు మీదున్నడు?" అన్నది. పదకొండో మెట్టు అన్నాను. చివరికి ఒడంబడిక కుదిరింది. నేను ఒక యుద్ధం గెలిస్తే ఆమె ఒకసారి మోకాలు వంచాలి. ఆమె వంచేదాకా నేను ఇంకో యుద్ధానికి పోకూడదు. మరునాటినుంచి ఆ గదిలో ఒక పక్క మూలుగులు, ఒక పక్క భూతాల చావుకేకలు. బావ తొంగి చూసి, తల ఊపి, కాలువ మీదికి వెళ్ళిపోయేవాడు.

మధ్యాహ్నం అక్క కునుకు తీసినప్పుడు నేను కాలువగట్టు వైపు నడిచేవాణ్ణి. జనవరి ఎండ మెత్తగా ఉంటుంది. కరిగట్టు చేసిన మడి అద్దంలా మెరుస్తూ ఉంటే, పది పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కు వెనక్కు అడుగు వేస్తూ నాటు వేస్తుంటారు. ఈమధ్య బీహారు నుంచి మగవాళ్ళ ముఠాలు కూడా గుత్తకు వస్తున్నాయి. ఒకనాడు గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. యాసంగి వరిలో చదరపు మీటరుకు 44 కుదుళ్ళు ఉండాలని వ్యవసాయశాఖవారు చెబుతారు. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి లక్షా డెబ్భై ఎనిమిది వేల కుదుళ్ళు! చేతివాటుగా వేసేవాళ్ళు అందులో సగమే వేశారనుకున్నా, ఎకరానికి ఎనభైతొమ్మిది వేలసార్లు ఎవరిదో ఒకరి చెయ్యి బురదలో దిగి లేవాలి. దాన్ని నలభై ఏళ్ళతో, ఏడాదికి రెండు పంటలతో గుణించబోయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

జపాను ఆటలో ఒక ధర్మం ఉంది. కొట్టిన ప్రతి దెబ్బా ఎక్కడో రాసి ఉంటుంది. వంద పురుగులను చంపితే వందకూ ఫలితం ముడుతుంది. విసుగు వస్తుందేమోగాని అన్యాయం జరగదు. లక్షల మంది ఈ విసుగును డబ్బిచ్చి కొనుక్కోవడానికి కారణం అదే కాబోలు! మడిలో ఆ లెక్క ఎవరు రాశారు? కూలి ఆ పూటకు ముట్టింది, బియ్యం ఆ ఏటికి తిన్నారు. కుదుళ్ళ లెక్క మాత్రం ఒక్కచోటే జమ అయింది. అక్క మోకాలిలో.

నిజాంసాగర్ కూడా ఇటువంటి జమాఖర్చే. కట్టిన కొత్తలో దాదాపు 30 టీఎంసీల నీరు పడుతుందని లెక్క. మంజీర ప్రతి వానాకాలం నీటితోపాటు గుప్పెడు మట్టి తెచ్చింది. ఏ ఒక్క ఏడూ ఎవరికీ తేడా తెలియలేదు. తర్వాత నీటిమట్టం కొంత పెంచినా, ఇవ్వాళ నిండితే పట్టేది 17.8 టీఎంసీలు. ఒకే పనిని విసుగులేకుండా చేస్తూ పోయేవాడు ఏమి సాధించగలడో చెప్పడానికి పూడికను మించిన ఉదాహరణ లేదు. అది మనకు అనుకూలం కాకపోవడమే విచారం.

పదిహేనో రోజుకు మా ముగ్గురు వీరులూ గుహ చేరారు. మేనల్లుడు చేతులెత్తేసిన గుహ అదే. రెండరాక్ పీఠభూమికి దారి. లోపల నేల నేలలాగే కనబడుతుంది, అడుగు వేస్తే కింది అంతస్తులోకి కూలుతుంది. దారులు దారుల్లాగే ఉంటాయి, ఎటు నడిచినా బయలుదేరిన చోటికే చేరుస్తాయి. ఇటువంటి గుహ గడిచి బయటికి వస్తే తెల్లటి మంచు మైదానం. అక్కడి భూతాలు ఒక్క మాటతో ప్రాణం తీస్తాయి, తాము పేలిపోయి మనల్నీ వెంట తీసుకుపోతాయి. తయారుచేసినవారికి ఈ చివరిభాగాన్ని మొదటినుంచి కలిపి ఆడి, బరువు సరిచూసుకునే వ్యవధి చాలలేదని ప్రతీతి. నాలుగు రాత్రులు గుహలోనే గడిచాయి. చిత్రమేమిటంటే, ఆ నాలుగు రోజులూ అక్క మోకాలు కూడా 80 దగ్గర మొండికేసింది. వాపు వచ్చింది. ఐసుగడ్డలు పెడుతూ, ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం.

"ఎనుకకు పోతే ఏమైతది?" అన్నది అక్క మూడో రాత్రి.

"ఏం గాదు. ఇంకో రెండు మెట్లెక్కి మల్ల రావాలె."

"అయితే పో."

వెనక్కు వెళ్ళి, రెండు మెట్లు కాదు, నాలుగు మెట్లు ఎక్కించి తెచ్చాను. గుహ గడిచింది. మరి రెండు రోజులకు మోకాలు 90కి వచ్చింది. అక్క మంచం దిగి, చేతికర్రల చట్రం పట్టుకుని, కుర్చీలో కూర్చుని, "ఇగ చాలు" అన్నది. కూర్చోవడం వచ్చింది, ఇంట్లో తిరగడం వచ్చింది, ఇంకేం కావాలి? బాన్సువాడ కుర్రవాడు 110 అన్నాడు. అక్క వినలేదు. ఆ పూట ఇరవై సార్లూ ఎగ్గొట్టింది.

ఆ రాత్రే మేము హార్గన్ కోట చేరాము. లోపల అడుగు పెడితే ఆశ్చర్యం! అది రాక్షసుడి కోట కాదు, మిడెన్‌హాల్. రాకుమారుడి పుట్టినిల్లు. అదే సింహాసనం, అవే ముఖాలు. అంతా శాంతంగా ఉంది, ఇక యుద్ధమెందుకు అన్నట్టు పలకరిస్తారు. అక్క కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నది. ఇదంతా హార్గన్ పన్నిన మాయ. అయిదు ముద్రలు సంపాదించినవాడికి రూబిస్ దేవత ఒక రక్ష ఇస్తుంది. దాన్ని తీసి చూపగానే ఇల్లు కరిగిపోయి అసలు కోట బయటపడుతుంది.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇల్లు అనుకొని కూసుంటే గంతే సంగతి" అన్నది. మంచం మీద వాలి, నేను అడగకుండానే మడమ జరిపింది.

హార్గన్ చావడంతో కథ ముగియదు. వాడు చస్తూ చస్తూ మాల్‌రాత్ అనే సర్వనాశన దైవాన్ని పిలిచి చస్తాడు. రెండు రాత్రులు వాడు మమ్మల్ని బూడిద చేశాడు. మూడో రాత్రి ఒంటిగంట దాటిన తర్వాత కానక్ రాకుమారుడు పడ్డాడు, రాకుమార్తె పడింది. మిగిలినవాడు ఒక్కడే, మంత్రం రానివాడు. వాడికి కొట్టడం ఒక్కటే తెలుసు. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వాడి చేతికి ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒక్కొక్క పురుగు చొప్పున నేనే పోగుచేశాను.

చీకట్లోంచి అక్క గొంతు వినిపించింది. "సచ్చిండా?"

"సచ్చిండు."

"మరి లే. ఇన్ని నీళ్ళియ్యి."

ఇంతకంటే గొప్ప విజయోత్సవం నేనెరుగను.

ఆట అక్కడ ఆగిపోదు. చాలామందికి ఇదే నచ్చుతుందేమో. రాక్షసుడు చచ్చిన తర్వాత లోకంలో ఒక్క భూతమూ ఉండదు. మంచుకొండ దిగి, అడవులు దాటి, ఊరూరూ నడుచుకుంటూ ఇంటికి రావచ్చు. ఇన్నాళ్ళూ నాలుగడుగులకొకసారి కత్తి దూసిన దారిలో ఎవరూ అడ్డం రారు. చెట్లు చెట్లుగా, వాగు వాగుగా కనబడతాయి. ఆ దేశాన్ని నేను యాత్రికుడిలా చూసింది అప్పుడే. ఇంటికి చేరితే తండ్రి సింహాసనం ఇస్తాడు. అది అంత ముఖ్యం కాదు.

మేనల్లుడికి ఫోను చేశాను. ఒక నిమిషం పలకలేదు.

"ఎన్నో మెట్టు మీద కొట్టినవ్ మామా?"

"ముప్పైనాలుగు."

"నేను ఇరవైరెండు మీదనే గుహల దూరిన" అని, గొంతు తగ్గించి, "అమ్మ ఎంతల ఉన్నది?" అన్నాడు.

"నూట అయిదు."

వాడు ఈసారి నిజంగానే మాట్లాడలేకపోయాడు.

తిరిగి వచ్చే ముందురోజు అక్క కాలువగట్టుదాకా నడిచింది. ఇంటికి నూరు గజాలు, పావుగంట పట్టింది. బావ వెనుక కుర్చీ మోసుకొచ్చాడు. ఇక మడిలో దిగరాదనీ, గొంతుక్కూర్చోరాదనీ డాక్టరు ముందే చెప్పాడు. 110 వచ్చినా, 120 వచ్చినా ఆ మాట మారదు. ఆ సంగతి అక్కకూ తెలుసు. ఆటలో మెట్టు ఎక్కినవాడు దిగడు. మనిషికి ఒక మెట్టు ఎక్కితే ఇంకొక మెట్టు మూసుకుంటుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి, "వదినా, అప్పుడే నడుస్తున్నవా!" అని కేకలు వేశారు. అక్క జవాబు చెప్పలేదు. మడిని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. నలభై ఏళ్ళలో ఆ మడిని వంగకుండా చూడటం ఆమెకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

మహమ్మద్ నగర్ చూడదలచినవారు జనవరిలో, నాట్ల వేళ వెళ్ళండి. చూడటానికి ఏమీ లేదని ముందే చెప్పాను. కాలువగట్టు మీద కుర్చీ వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంటే నిస్సంకోచంగా పలకరించండి. మంచినీళ్ళిస్తుంది, టీ ఇప్పిస్తుంది. మధ్యమధ్య మిమ్మల్ని ఆపి మడిలోకి కేక వేస్తే మాత్రం ఏమీ అనుకోవద్దు. ఎక్కడో సాలు వంకర పోయి ఉంటుంది.